టెక్ సందేహాలు: ఇంజిన్ చల్లగా ఉన్నా ఫ్యాన్ తిరుగుతోందా?

ప్రశ్న: సర్, మాది పదేళ్ల పెట్రోల్ కారు. నెల నుంచి పొద్దున్నే స్టార్ట్ చేయగానే రేడియేటర్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో తిరుగుతోంది. చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది, మైలేజీ 16 నుంచి 12కి పడిపోయింది. బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (కారులోని లోపాల కోడ్‌లను ఫోన్ యాప్‌లో చూపించే చిన్న పరికరం) పెట్టి చూస్తే పీ0118 కోడ్ వచ్చింది, కూలెంట్ టెంపరేచర్ మైనస్ 40 అని చూపిస్తోంది. మెకానిక్ ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పోయిందంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఈసీయూ జోలికి ఇప్పుడే వెళ్లకండి. మీకు కావాల్సిన జవాబు సగం ఆ మైనస్ 40లోనే ఉంది.

కూలెంట్ సెన్సర్ లోపల ఉండేది చిన్న థర్మిస్టర్. చల్లగా ఉంటే దాని రెసిస్టెన్స్ ఎక్కువ, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర రెండు మూడు కిలో ఓమ్‌లు, 80 దగ్గర మూడు వందల ఓమ్‌ల చుట్టుపక్కల ఉంటుంది. వైరు ఎక్కడైనా తెగినా, సెన్సర్ లోపల కాలిపోయినా రెసిస్టెన్స్ అంతే లేకుండా పెరిగినట్టు కనిపించి, ఇంజిన్ గడ్డకట్టే చలిలో ఉందని ఈసీయూ అనుకుంటుంది. పీ0118 చెప్పేదీ అదే. దాంతో పాత స్కూటర్‌కి చోక్ లాగి వదిలేసినట్టు పెట్రోల్ ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోయేది అందుకే. రీడింగ్ నమ్మేలా లేదని తెలిశాక ఇంజిన్ వేడెక్కిపోకుండా ఫ్యాన్‌ను ఆపకుండా తిప్పుతుంది. అంటే మీ ఈసీయూ తన పని తాను చేస్తున్నట్టే ఉంది.

అలాగని వెంటనే సెన్సర్ కొనకండి. నేనూ ఒకసారి కొత్తది కొని బిగించాను, మర్నాడే అదే కోడ్ మళ్లీ వచ్చింది. తీరా చూస్తే కప్లర్‌లో (వైర్లను సెన్సర్‌కి కలిపే ప్లగ్గులో) ఒక పిన్ను వెనక్కి జరిగి ఉంది, సెన్సర్‌కి ఏమీ కాలేదు. అందుకే ముందు థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచి మూసే వాల్వు) హౌసింగ్ దగ్గర, రేడియేటర్ పై గొట్టం ఇంజిన్‌కి కలిసే చోట సెన్సర్ ఎక్కడుందో చూసి, కప్లర్ లాక్ నొక్కి ఊడదీసి, పిన్నులకు పచ్చటి తుప్పు పట్టిందా, వైర్లను ఎలుకలు కొరికాయా అని టార్చి వేసి చూడండి.

అన్నీ బాగానే ఉంటే, కప్లర్‌లో రెండే పిన్నులు ఉన్న పక్షంలో, చిన్న వైరు ముక్కతో ఆ రెండింటినీ కలిపి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయండి. ఫ్యాన్ తిరగొచ్చు, చేతులు దూరంగా పెట్టండి. యాప్‌లో అంకె మైనస్ 40 నుంచి ఒక్కసారిగా వందకు బాగా పైకి ఎగబాకితే వైరింగూ ఈసీయూ బాగున్నట్టే, పోయింది సెన్సరే. కదలకపోతే వైరింగ్ చూపించండి. మూడు నాలుగు పిన్నులున్న కప్లర్ అయితే ఈ పరీక్ష వద్దు.

మార్చడం కష్టమేమీ కాదు, కానీ ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే మరిగే కూలెంట్ మొహం మీదికి చిమ్ముతుంది, దయచేసి ఆ సాహసం చేయకండి. కొత్త సెన్సర్, కొత్త వాషర్ చేతిలో పెట్టుకుని పాతది విప్పి వెంటనే కొత్తది పెడితే కూలెంట్ పెద్దగా పోదు. మరలు అల్యూమినియంలో ఉంటాయి కాబట్టి మొదట వేళ్లతోనే తిప్పండి, బలవంతంగా బిగిస్తే హౌసింగే పాడవుతుంది. తగ్గిన కూలెంట్‌ను అదే రకంతో నింపండి, బోరు నీళ్లు పోయకండి. కోడ్ చెరిపేసి, ఫ్యాన్ ఒకసారి ఆన్ అయి ఆగేదాకా ఇంజిన్ నడిపి, చల్లారాక మట్టం మళ్లీ చూడండి.

మర్నాడు పొద్దున స్టార్ట్ చేయకముందు కూలెంట్, ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్లు రెండూ దాదాపు ఒకటే చూపించాలి. తర్వాత కూలెంట్ నిదానంగా 85, 90కి చేరాలి. హైవే మీద 65 దాటకపోతే అది థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయిన లక్షణం.

ప్రశ్న: అదే రకం అడాప్టర్ కొన్నాను, నా ఐఫోన్‌కి కనెక్ట్ కావడం లేదు. పాడైందా?

జవాబు: పాడై ఉండకపోవచ్చు. చవక అడాప్టర్లలో చాలావాటిది పాత తరహా బ్లూటూత్, అది ఐఫోన్ యాప్‌లతో పనిచేయదు. వైఫై రకం గానీ, ‘Bluetooth Low Energy’ అని రాసి ఉన్నది గానీ తీసుకోండి. ఏది కొన్నా పని అయ్యాక పోర్టు నుంచి తీసేయండి, రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది.