మిల్లులో నన్ను డైరెక్టర్‌గా పెడతామంటున్నారు, సంతకం పెట్టాలా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా మామగారు పెట్టిన రైస్ మిల్లును మా బావగారు, మా ఆయన కలిసి నడుపుతున్నారు. అది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. మామగారు పోయిన ఏడాది కాలం చేశారు. ‘కంపెనీలో ఒక ఆడ డైరెక్టర్ ఉండాలని గవర్నమెంట్ రూల్ ఉంది, నీ పేరు పెడుతున్నాం’ అని బావగారు నా ఆధార్, పాన్ తీసుకున్నారు. కొన్ని ఖాళీ కాగితాల మీద సంతకాలు అడుగుతున్నారు. కొత్త లోనుకు మా అమ్మానాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాలు కూడా పెట్టాలంటున్నారు. నేను ఎం.కాం. చదివాను. ఐదేళ్లుగా మిల్లు జీఎస్టీ లెక్కలు ఇంట్లో కూర్చొని నేనే చూస్తున్నాను. నిజంగా అలాంటి రూల్ ఉందా? సంతకం పెడితే నా మీదికి ఏమొస్తుంది? మీటింగుల్లో నేను కూర్చోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. ఇంట్లో ఎవరు ఎంత బతిమాలినా, ఎంత కోప్పడినా పెట్టకండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకోవచ్చు.

రూల్ ఉన్న మాట నిజమే, కానీ అది మీ మిల్లుకు వర్తించదు. కంపెనీల చట్టం, 2013లోని 149వ సెక్షన్ ప్రకారం స్టాక్ ఎక్స్చేంజిలో లిస్టయిన ప్రతి కంపెనీలో కనీసం ఒక మహిళా డైరెక్టర్ ఉండాలి. లిస్టు కాని పబ్లిక్ కంపెనీల్లో చెల్లించిన వాటా మూలధనం 100 కోట్లు గానీ, టర్నోవరు 300 కోట్లు గానీ దాటితే వాటికీ ఇదే నియమం. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి ఈ నిర్బంధం లేదు. దానికి కావలసింది ఇద్దరు డైరెక్టర్లు, వాళ్లు ఆడా మగా అని చట్టం అడగదు. బావగారు, మీ ఆయన ఇద్దరూ ఇప్పటికే డైరెక్టర్లయితే మీ పేరు లేకపోయినా కంపెనీ ఆగదు. మామగారి స్థానం ఖాళీ అయి ఒక్కరే మిగిలి ఉంటే మాత్రం ఇంకొకరు కావాలి. అసలు కారణం అదేనా, బ్యాంకు అడిగిందా అన్నది సూటిగా అడగండి.

ఈ రూల్ పుట్టాక పెద్ద కంపెనీల్లో ఏం జరిగిందో చెబుతాను, మీ ఇంటి సంగతి అందులో కనిపిస్తుంది. లిస్టయిన కంపెనీలకు స్టాక్ మార్కెట్లను నియంత్రించే సంస్థ సెబీ 2015 ఏప్రిల్ 1ని గడువుగా పెట్టింది. గడువు దగ్గరపడగానే చాలా కంపెనీలు యజమానుల భార్యలను, కూతుళ్లను, కోడళ్లను తెచ్చి బోర్డులో కూర్చోబెట్టాయి. వాళ్లలో సమర్థులూ ఉన్నారు, సంతకానికే పరిమితమైనవాళ్లూ ఉన్నారు. అందుకే 2017లో సెబీ వేసిన కోటక్ కమిటీ, కుటుంబంతో సంబంధం లేని స్వతంత్ర మహిళా డైరెక్టర్ ఉండాలని సిఫారసు చేసింది. మొదట పెద్ద 500 కంపెనీలకు 2019 ఏప్రిల్ నుంచి, తర్వాత 1000 కంపెనీలకు 2020 ఏప్రిల్ నుంచి సెబీ దాన్ని తప్పనిసరి చేసింది. మన పల్లెల్లో చూడండి. పంచాయతీల్లో ఆడవాళ్లకు సగం సీట్లు వచ్చాయి. కానీ ఎన్నో ఊళ్లలో ఆమె సర్పంచ్, కుర్చీలో ఆమె భర్త. రేపు లెక్క తేలకపోతే నోటీసు వచ్చేది మాత్రం ఆమెకే. కంపెనీలోనూ అంతే.

నల్లగొండ కోర్టు వరండాలో చెక్‌బౌన్స్ సమన్లు పట్టుకుని వచ్చిన ఆడవాళ్లను చాలామందిని చూశాను. ‘నేను డైరెక్టర్‌నని నాకే తెలియదు సార్’ అంటారు. వాళ్ల మాట నిజమే కావచ్చు, కానీ ఫారాల మీద వాళ్ల సంతకం ఉంటుంది. చెక్‌బౌన్స్ కేసులో డైరెక్టర్ అయినంత మాత్రాన నేరం అంటదని సుప్రీంకోర్టు 2005లోనే చెప్పింది. కంపెనీ వ్యవహారాలకు బాధ్యులై ఉండాలి. అయితే చెక్కు మీద సంతకం మీదే అయితే ఆ రక్షణ దొరకదు. కంపెనీ వరసగా మూడేళ్లు వార్షిక లెక్కలు దాఖలు చేయకపోతే, ఆ డైరెక్టర్లు ఐదేళ్ల పాటు ఏ కంపెనీలోనూ కొత్తగా డైరెక్టర్‌గా చేరలేరు. 2017లో దేశంలో మూడు లక్షల మందికి పైగా ఈ వేటు పడింది.

మీ మిల్లు సీఎంఆర్, అంటే సర్కారు ధాన్యం మరాడించి బియ్యంగా తిరిగిచ్చే పని, తీసుకుంటుందా? తీసుకుంటే ఇంకా జాగ్రత్త. పౌరసరఫరాల శాఖ ఇచ్చిన ధాన్యం సర్కారుది, మీది కాదు. క్వింటాల్ ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు తిరిగి ఇవ్వాలి. ధాన్యం పక్కదారి పడితే మిల్లర్ల మీద క్రిమినల్ కేసులు, రెవెన్యూ రికవరీ నోటీసులు వస్తాయి. గోదాములో ఎంత ఉందో మీకు తెలియకుండా మీ పేరు ఆ కాగితాల్లో ఉండకూడదు.

భూమి సంగతి వేరు. డైరెక్టర్ కావడానికి భూమి పెట్టాలని ఏ చట్టమూ చెప్పదు. అది బ్యాంకు కోరే పూచీ. తాకట్టు పెట్టినా, పర్సనల్ గ్యారంటీ ఇచ్చినా, రేపు మీరు డైరెక్టర్ పదవికి రాజీనామా చేసినా ఆ పూచీ మిమ్మల్ని వదలదు. కంపెనీని అడిగాకే మిమ్మల్ని అడగాలని కూడా లేదు, బ్యాంకు నేరుగా మీ దగ్గరికి రావచ్చు. పుట్టింటివాళ్లు మీకు ఆసరాగా ఇచ్చిన ఆ రెండెకరాలు మీవే. నా మాటగా చెబుతున్నాను, ఇవ్వకండి.

ఇంత చెప్పాక కూడా, డైరెక్టర్ పదవి వద్దని మీకు చెప్పలేను. ఐదేళ్లుగా లెక్కలు చూస్తున్న మనిషికి ఆ కుర్చీ మీద హక్కుంది, ఆ పని మీరు జీతం లేకుండా, పేరు లేకుండా చేస్తున్నారు. డైరెక్టర్ అయితే మీటింగులో కూర్చోవడం ఒకరు ఇచ్చేది కాదు, మీ హక్కు. మామూలుగా మీటింగుకు ఏడు రోజుల ముందు మీకు నోటీసు రావాలి. పని వేళల్లో కంపెనీ పుస్తకాలు ఎప్పుడైనా చూడవచ్చు. అప్పు తేవాలంటే బోర్డు మీటింగులో తీర్మానం కావాలి. నచ్చకపోతే ‘నాకు సమ్మతం కాదు’ అని మినిట్స్‌లో, అంటే మీటింగు రికార్డులో, రాయించండి. విషయం తెలిసి నోరు మెదపకుండా ఉన్న డైరెక్టర్‌నూ చట్టం బాధ్యురాలిగా చూస్తుంది, కాబట్టి ఈ ఒక్క వాక్యం చాలా పనికొస్తుంది. ఇంకో సంగతి, డైరెక్టర్ అయితే మిల్లులో వాటా వచ్చినట్టు కాదు. వాటాలు ఎవరివో వాళ్లే యజమానులు, ఎక్కువ వాటాలున్నవాళ్లు మిమ్మల్ని పదవి నుంచి తీసేయగలరు కూడా. మామగారి వాటాలు ఎవరి పేరు మీదకు మారాయో, మీకు కొన్ని ఇస్తారో లేదో ఇప్పుడే అడగండి.

ఒప్పుకుంటే డీఐఆర్-2 అనే సమ్మతి పత్రం చదివి మీరే సంతకం చేయండి. చట్టప్రకారం అది లేకుండా మిమ్మల్ని ఎవరూ డైరెక్టర్‌ను చేయకూడదు. కంప్యూటర్‌లో మీ సంతకంగా పనిచేసే డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ మీ బీరువాలోనే ఉండాలి, ఆడిటర్ గారి ఆఫీసు సొరుగులో కాదు. దాని పాస్‌వర్డు, మీ ఫోనుకు వచ్చే ఓటీపీలు ఎవరికీ చెప్పకండి.

ఆధార్, పాన్ ఇప్పటికే వాళ్ల చేతికి వెళ్లాయి కాబట్టి, ఈరోజే కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో మీ కంపెనీ పేరు కొట్టి డైరెక్టర్ల జాబితా చూడండి. మీకు తెలియకుండా మీ పేరు అందులో చేరి ఉంటే ఆ పేజీ ప్రింటు తీసుకుని నా దగ్గరికి రండి. హైదరాబాద్‌లోని రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌కు ఫిర్యాదు రాద్దాం.