కుండ ఎందుకు పెట్టావురా?

చిన్నీకి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో కాన్సెప్చువల్ ఆర్ట్ (అదే, వస్తువు కంటే దాని వెనక ఆలోచనే ముఖ్యమనే కళ) అసైన్‌మెంట్ గురించి చెప్పావు. ఏదో ఒక వస్తువు పెట్టి, పక్కన నాలుగు బరువైన మాటలు అతికిస్తే సరిపోతుందట, మీ క్లాసులో అందరూ అదే చేస్తున్నారట. నీ గొంతులో సగం నవ్వు, సగం టెన్షన్. ఫోన్‌లో చెప్తే ఊకొట్టి మర్చిపోతావని రాస్తున్నాను.

నేనూ నీ వయసులో ఆ పనే చేశాను. కాలేజీ ప్రదర్శనలో పగిలిన కుండ ఒకటి పెట్టి, ‘దేశం’ అని పేరు తగిలించి, పక్కన రెండు పేజీల వివరణ అంటించాను. మా మాస్టారు వచ్చి, కుండ వైపు చూడకుండానే రెండు పేజీలూ ఓపిగ్గా చదివారు. “బాగానే రాశావు. మరి కుండ ఎందుకు పెట్టావురా, కాళ్లకడ్డంగా?” అన్నారు. నలుగురిలో తల కొట్టేసినట్టయింది. ఆయన వెటకారం చెయ్యలేదనీ, నిజంగానే అడిగారనీ సోల్ లెవిట్‌ను చదివాకే నాకు తెలిసింది.

లెవిట్ అమెరికా కళాకారుడు. 1967 జూన్‌లో ‘ఆర్ట్‌ఫోరం’ పత్రికలో ఈ కళ గురించి కొన్ని పేరాలు రాశాడు. కళను తయారుచేసే యంత్రం ఆలోచనే అన్నాడు. యంత్రం అన్నాడు చూశావా, సందేశం అనలేదు. ముందే ఒక నియమం పెట్టుకుంటావు, ఆ తర్వాత అది ఎటు తీసుకెళ్తే అటు వెళ్తావు. మధ్యలో “ఇక్కడ కాస్త ఎరుపు పడితే బాగుండు” అనడానికి లేదు. 1968 నుంచి ఆయన గోడల మీద బొమ్మలు మొదలుపెట్టాడు. తను సూచనలు రాసిస్తే వేరేవాళ్లు గీసేవారు. ప్రదర్శన అయిపోగానే గోడకు రంగు కొట్టేసేవారు, మళ్లీ ఇంకో ఊళ్లో అదే బొమ్మ ఇంకెవరో గీసేవారు. 2007లో ఆయన పోయాడు. మరుసటి ఏడాది మసాచుసెట్స్‌లోని మాస్ మోకా మ్యూజియంలో ఆయన గోడ బొమ్మలు 105 తెరిచారు. ఆయన లేకపోయినా పని ఆగలేదు.

మీ నానమ్మ నోటుపుస్తకంలో “15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు” అని ఉండేది గుర్తుందా? మీ అమ్మ వేసినా, పక్కింటావిడ వేసినా అదే ముగ్గు. పొద్దున్న వేసింది మర్నాటికి ఉండదు, పుస్తకంలో ఆ ముక్క ఉంటుంది. ముగ్గునూ దీన్నీ ఒకే గాట కట్టడం లేదు. లెవిట్ గోడ ఎలా నడుస్తుందో మాత్రం మన ఇంట్లో పెరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మీవాళ్లు ఫ్రెంచి కళాకారుడు డ్యూషాం పేరు చెప్పి “ఏది పెట్టినా ఆర్టే” అంటారు. నేను ఒప్పుకోను. 1917లో న్యూయార్క్‌లో ఒక కళాకారుల సంఘం, 6 డాలర్లు కట్టినవాళ్ల పని ఏదైనా ప్రదర్శనలో పెడతామంది. డ్యూషాం ఆ సంఘం పెద్దల్లో ఒకడు. మగవాళ్ల మూత్రశాలలో ఉండే పింగాణీ బేసిన్ ఒకదాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, దాని మీద ‘ఆర్. మట్ 1917’ అని మారుపేరుతో సంతకం పెట్టి, డబ్బు కట్టించి పంపాడు. సంఘంవాళ్లు దాన్ని ప్రదర్శనలో పెట్టలేదు. ఆయన రాజీనామా చేశాడు. అంటే ఆయన పరీక్షించింది బేసిన్‌ను కాదు, వాళ్లు రాసుకున్న నియమాన్ని. అసలు బేసిన్ ఎటుపోయిందో పోయింది. స్టీగ్లిట్జ్ అనే ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటో మిగిలింది. అందుకే నువ్వు ఏం చేసినా ముందు తేదీ వేసి ఫొటో తీసి పెట్టుకో.

‘కాన్సెప్ట్ ఆర్ట్’ అనే మాటను 1961లో హెన్రీ ఫ్లింట్ అనే అమెరికా కళాకారుడు వాడాడు. సంగీతానికి నాదం ఎలాగో, దీనికి భావన అలాగే ముడిసరుకు అని. వైవాలో అడిగితే ఆ ముక్క చాలు. అమెరికా కళాకారుడు కోసుత్ చేసిన మూడు కుర్చీల పని (1965) గురించి మాత్రం కొంచెం ఆగి ఆలోచించు. ఒక కుర్చీ, దాని ఫొటో, నిఘంటువులో దాని అర్థం. ఎక్కడ ప్రదర్శిస్తే అక్కడి కుర్చీ పెట్టి, అక్కడే దాన్ని ఫొటో తీయచ్చు. కుర్చీ మారినా పని మారదు.

నాకు అందరికంటే ఇష్టమైనవాడు జపాన్ కళాకారుడు ఆన్ కవారా. 1966 జనవరి 4న మొదలుపెట్టి, కాన్వాసు మీద ఆ రోజు తేదీ ఒక్కటే వేసేవాడు. అక్షరాలు చేత్తోనే. అర్ధరాత్రిలోపు పూర్తి కాకపోతే దాన్ని నాశనం చేసేవాడు. ఏ దేశంలో ఉంటే ఆ భాషలో తేదీ రాసేవాడు, అక్కడ రోమన్ లిపి లేకపోతే ఎస్పెరాంటో అనే కల్పిత భాషలో. హైదరాబాద్‌లో దిగి ఉంటే మనకీ ఎస్పెరాంటోయే పడేదన్నమాట! దాదాపు యాభై ఏళ్లు అలా వేశాడు. “ఇది నేనూ వేయగలను” అని నవ్వేవాళ్లని పది రోజులు వేసి చూపించమను.

ఇక నీ పని. సామాన్ల కోసం బజారుకి వెళ్లకముందే, ఏం చేస్తావో ఒక్క వాక్యంలో రాయి. అది చదివి నీ రూమ్మేట్ అడ్డు ప్రశ్నలు లేకుండా చేసెయ్యగలిగితే వాక్యం కుదిరినట్టు. “స్త్రీ స్వేచ్ఛను ప్రతిబింబించాలి” అంటే ఆ పిల్ల ఏం చేస్తుంది, పాపం? తర్వాత వస్తువును తీసేసి చూడు. ఏ లోటూ కనిపించకపోతే అది నా కుండే, బయట పెట్టెయ్.

హాస్టల్ గేటు రిజిస్టర్‌తో ఏదో చేద్దామనుకుంటున్నానన్నావు. అది వదలకు. దాని మీద గొలుసులూ పంజరాలూ మాత్రం వెయ్యకు, నీకు దణ్ణం పెడతాను. వార్డెన్‌ను అడిగి, 30 రోజులు, ‘కారణం’ కాలమ్ ఒక్కటే ఏ రోజుది ఆ రాత్రే నీ చేత్తో ఎత్తిరాయి. పేర్లొద్దు. ఒక రాత్రి మానేస్తే ఆ పేజీ ఖాళీగా వదిలెయ్, మర్నాడు కూర్చుని నింపకు. “మెడికల్ షాపు” అని రాసి నువ్వు సినిమాకి వెళ్లిన రోజు తగిలితే అదీ అలాగే ఎక్కించు. మీ నాన్నకి నేను చెప్పనులే.

ఇట్లు,
పెదనాన్న