బోటు ట్రైలర్ ఊగుతోందంటే టైర్లు కాదు, బరువు చూడండి

అడిగినాయన సమస్య ఇది: గోపాల్‌పూర్ నుంచి ఇచ్ఛాపురం వైపు ఫైబర్ బోటును రెండు చక్రాల ట్రైలర్ మీద లాక్కొస్తుంటే స్పీడు 50 దాటగానే వెనక ఊగుతోందట, టైర్లు మార్చినా తగ్గలేదట. టైర్ల మీద ఇంక ఒక్క రూపాయి కూడా పెట్టకండి. మీ బరువంతా ఇరుసు వెనక ఉంది, అంతే.

మాది ఒడిశాలోని గంజాం తీరం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి బోట్ల రిపేర్లన్నీ అప్పుడే. దించుకోవడం సులువని వలలు, లంగరు, ఐసు పెట్టె అన్నీ వెనకే పడేస్తారు. ఇంజను ఎలాగూ వెనకే ఉంటుంది. పైగా "బరువు వెనకుంటే బండికి లోడు తెలీదు" అని ఒక సలహా ఊరూరా తిరుగుతోంది. అది వింటే నాకు ఒళ్లు మండుతుంది. బండికి లోడు తెలియాలి, అప్పుడే ట్రైలర్ చెప్పినట్టు వింటుంది.

ఒక వేసవిలో మా బావ బోటును బొలెరో పికప్‌కు తగిలించి బరంపురం దాటి 16వ నంబరు హైవే మీద తీసుకొస్తున్నారు. వెనక బైక్ మీద నేను. ఒక కంటైనర్ లారీ పక్కనుంచి దూసుకుపోయింది. ఆ గాలికి బోటు తోక ముందు జానెడు ఊగింది, తర్వాత మూరెడు, చూస్తుండగానే పక్క లైన్లోకి పోయింది. డ్రైవర్ కుర్రాడు బ్రేక్ తొక్కలేదు. యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ కదలకుండా పట్టుకున్నాడు, అందుకే బతికాం. గట్టిగా బ్రేక్ వేసుంటే ట్రైలర్ వెనకనుంచి తోసి పికప్‌ను అడ్డం తిప్పేసేది.

ఆపి చూస్తే బోటు అడుగున ముందురోజు వాన నీళ్లు. లీటరు నీళ్లంటే కిలో బరువు, అదీ ఒకచోట ఉండదు, ఇటు ఊగితే ఇటు పారుతుంది, అటు ఊగితే అటు. దగ్గర్లో చేపల వ్యాపారి దగ్గర కాటా అడిగి తెచ్చి, దాని మీద చెక్కదిమ్మ పెట్టి, ట్రైలర్ ముక్కును, అంటే బండికి తగిలించే కొసను, పికప్ కొక్కెం ఎత్తులోనే ఆనించాం. వే బ్రిడ్జి చీటీ ప్రకారం ట్రైలర్, బోటు కలిపి 800 కిలోలు. ముక్కు మీద ఉన్నది 12! మొత్తం బరువులో పదో వంతు, అంటే 80 దాకా ఉండాలి. బోటు అడుగున నీళ్లు పోయే ప్లగ్గు తీసి నీళ్లు వదిలేశాం, ఇంజను విప్పి పికప్‌లో వేశాం, వలలు ముందుకు సర్దాం, అదీ ఒకే పక్కకు కాకుండా రెండు వైపులా సమంగా. మళ్లీ పెడితే 74. ఇచ్ఛాపురం దాకా తోక కదిలితే ఒట్టు.

అలాగని అంతా ముందుకు తోసేయకండి. బండి వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగ్ పట్టు తప్పుతుంది.

ఇంకో బాధ కూడా చెప్పాలి. మన దగ్గర ట్రైలర్ చేసేవాళ్లు బోటు కొలతే తీసుకోరు, ట్రాక్టర్ ట్రక్కుకు పెట్టినట్టు ఇరుసు పెట్టి వెల్డింగ్ చేసేస్తారు. ఇంజను బిగించే వెనక గోడ ట్రైలర్ మీద ఆనకుండా గాల్లో వేలాడితే, గుంతల్లో పడ్డప్పుడల్లా దెబ్బ ఫైబర్‌కే, ఏదో ఒకరోజు పగులుతుంది. కట్టడమేమో పాత నైలాన్ తాళ్లతో. అవి సాగుతాయి, బోటు వెనక్కి జారుతుంది, బరువు మళ్లీ మొదటికొస్తుంది. లారీలకు వాడే రాచెట్ బెల్టులు కొనండి, పెద్ద ఖర్చేం కాదు.

సామాను సర్దినా ముక్కు మీద బరువు చాలకపోతే ముందున్న వించి స్తంభాన్ని, అంటే బోటును ట్రైలర్ మీదికి లాగే చక్రం బిగించిన స్తంభాన్ని, కాస్త ముందుకు జరపండి. దానివల్ల బోటు వెనక గోడకు ఆధారం పోయేలా ఉంటే మాత్రం అది వద్దు, ఇరుసునే వెనక్కి జరిపించండి. యు-బోల్టులతో బిగించిన ఇరుసైతే పెద్ద పనేం కాదు. జరిపాక మళ్లీ కాటా మీద పెట్టి చూసుకున్నాకే హైవే ఎక్కండి.