ఆకుకూరకు కాగితమా, ప్లాస్టిక్కా?

సూపర్‌మార్కెట్‌లో కాగితపు సంచిలో కొన్న పాలకూర మర్నాటికే వాడిపోతోందని, ప్లాస్టిక్ కవరులోదేమో కుళ్లిపోతోందని రాశారు కదండీ. రెండింటికీ కారణం తేమే. కాగితం దాన్ని పీల్చి బయటికి వదిలేస్తుంది. బిగించిన కవరులోనేమో ఆకు విడిచిన ఆవిరి నీటిబొట్లై, కాడల మొదట్లో జిగురు మొదలవుతుంది. ఏ సంచిలో కొన్నా సరే, ఇంటికి రాగానే కట్ట విప్పి, తడి ఆరనిచ్చి, పొడి నూలుగుడ్డలో చుట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. పక్కన పండిన అరటిపండ్లు, టమాటాలు వద్దు. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు ఆకును పసుపుబారుస్తుంది.

కీరదోసకు మాత్రం పలుచని ప్లాస్టిక్ చుట్టు నిజంగానే మేలు, త్వరగా వడలదు. ఉల్లి, బంగాళాదుంపలకు అసలు అక్కర్లేదు, విడిగా ఏరుకోండి. బిల్లు దగ్గర ఇచ్చే ప్లాస్టిక్ చేతిసంచి 120 మైక్రాన్లకన్నా పలుచగా ఉంటే దయచేసి తీసుకోకండి, 2022 డిసెంబరు 31 నుంచి వాటిపై నిషేధం ఉంది.