బస్సు డ్రైవర్ అవుతానంటే నాయన వద్దంటున్నాడు

ప్రశ్న: మాది అనంతపురం దగ్గర పల్లె. వేరుశనక్కాయల ట్రాక్టర్ నేనే తోలుతా. బస్సు డ్రైవర్ అవుతానంటే, ఆడపిల్ల ఘాట్‌రోడ్డులో బస్సు తిప్పలేదంటాడు నాయన. ఏం చేయాలక్కా?

జవాబు: తప్పకుండా తిప్పగలవు చెల్లీ. తమిళనాడులో వసంతకుమారి 1993లోనే ప్రభుత్వ బస్సు డ్రైవరైంది. మన తెలుగమ్మాయి సరిత 2015లో ఢిల్లీ ప్రభుత్వ బస్సుల సంస్థ డీటీసీలో తొలి మహిళా డ్రైవర్. నాయనకు ఈ ఇద్దరి గురించి చెప్పు.

నీకు 20 ఏళ్లు నిండాలి. కారు లైసెన్స్ వచ్చి ఏడాది కావాలి. ఆ తర్వాతే బస్సులాంటి హెవీ బండ్లకు ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేందుకు ఇచ్చే లైసెన్స్.

కండక్టర్‌గా కడప నుంచి రాయచోటికి గువ్వలచెరువు ఘాట్ మీదుగా తిరిగినదాన్ని. మలుపులు ఎప్పుడూ టెన్షన్ పెట్టలేదు. గడియ పడని మరుగుదొడ్లే ఏడిపించాయి. ఉద్యోగంలో చేరాక ముందు వాటి గురించే గట్టిగా అడుగు.