హులా నేర్చుకుంటానన్న మేనకోడలికి

అమ్మలూ,

హవాయిలో మనోవా యూనివర్సిటీలో సీటొచ్చిందని, ఇక్కడికొచ్చాక ఇక్కడి సంప్రదాయ నాట్యం హులా కూడా నేర్చుకుంటానని రాశావు. సంతోషం. "పదేళ్లు కూచిపూడి చేశాను కదత్తా, ఇదెంత!" అన్నావే, అక్కడ మాత్రం నవ్వొచ్చింది. పదహారేళ్ల కింద హొనొలూలూలో మొదటి క్లాసుకి నేనూ అదే ధీమాతో వెళ్లాను.

మోకాళ్లు వంచి నిలబడటం నీకు కష్టం కాదు. కానీ ఇక్కడ పాదాలు పక్కలకు తిప్పరు, నేలను మనంతగా కొట్టరు. కాహోలో అని పక్కకు వేసే అడుగు చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటుంది. నా మడమ ఆర్నెల్లు దబ్‌దబ్‌మంటూనే ఉంది. చూపు సంగతికొస్తే మన పాఠమే: "కుహి నో క లిమ, హెలె నో క మక", చెయ్యి ఎటు చూపితే కన్ను అటు.

అడుగుల కంటే ముందు మాటలు నేర్చుకో. పాట అర్థం తెలియకుండా చేతులు తిప్పితే కుము (గురువుని అలా అంటారు) ఇట్టే పట్టేస్తారు. ఈ హవాయి భాషా మనలాగే అజంతం, ప్రతి మాటా అచ్చుతోనే ముగుస్తుంది. హ్రస్వదీర్ఘాలు తప్పితే అర్థం తారుమారవుతుంది. 'పౌ' అంటే అయిపోయింది, 'పాఊ' అంటే హులాకి కట్టే లంగా. నా పాఊ ఏదని అడగబోయి ఏమన్నానో నువ్వే ఊహించుకో.

ఇక అసలు సంగతి. హాలౌలోకి, అంటే హులా బడిలోకి, తలుపు తీసుంది కదా అని దూరిపోవడం ఉండదు. బయట వరసగా నిలబడి, లోపలికి రానిమ్మని ఓలి అనే మంత్రంలాంటి పాట పాడాలి. కుము బదులు పాడితేనే గడప దాటేది. ఒకరోజు మనోవా తుంపర్లో నాలుగుసార్లు పాడించారు. మా గొంతుల్లో అడుగుతున్నట్టు లేదట, అప్పజెబుతున్నట్టు ఉందట.

అంత జరిగినా నాకు బుద్ధి రాలేదు. ఆ ఏడు మనవాళ్ల ఉగాదికి ఎవరో బతిమాలితే, క్లాసులో నేర్చుకున్న ఒక పాటకి ఆడేశాను. చప్పట్లు బాగానే పడ్డాయి. తరవాతి వారం కుము కేకలేమీ వేయలేదు. "ఎవరినడిగావు?" అన్నారు, అంతే. మూడు నెలలు ఆడనివ్వలేదు, చాపలు పరిచి పాటలు విన్నాను. అప్పుడు కోపమొచ్చిన మాట నిజం. ఆ పాట ఆ గురుపరంపరది, నా ఫీజుతో నాదైపోలేదని తెలియడానికి చాలాకాలం పట్టింది.

వాళ్ల జాగ్రత్తకి కారణముంది. 1830లో కాఅహుమాను రాణి బహిరంగంగా హులా ఆడొద్దని ఆజ్ఞాపించింది. 1883లో కలాకౌవా రాజు తన పట్టాభిషేకంలో మళ్లీ అందరి ముందూ ఆడించాడు. ఆ తరవాత టూరిస్టులొచ్చి దాన్ని కొబ్బరి చిప్పల వేషంగా మార్చారు. భోగంమేళమని మనవాళ్లు ఈసడించిన ఆటనే తరవాత ఇంటింటి పిల్లలకూ నేర్పించుకోలేదూ? నీకు వేరే చెప్పక్కర్లేదు.

లేయి (మెడలో వేసే దండ) కోసం తీ అనే మొక్క ఆకులు కోసేటప్పుడూ చెట్టునడిగే కోస్తారు. నీకు నమ్మకం లేకపోయినా ఒక్క క్షణం ఆగు. ఈనె తీసి, ఫ్రీజర్లో పెట్టి మెత్తబరిచి, కొస బొటనవేలికి తగిలించి మెలితిప్పుతాం, అచ్చం తాడు పేనినట్టు. ప్రదర్శనకి ముందురాత్రి అరుగు మీద కూచుని ఆ పని చేస్తుంటే దొర్లే కబుర్ల కోసమైనా నువ్వు హాలౌలో చేరాలి. ఎవరైనా లేయి వేస్తే వద్దనకు, వాళ్ల ఎదుట తీసేయకు, వాడాక చెత్తబుట్టలో పడేయకు. మేం చెట్టుకొమ్మకి తగిలిస్తాం.

పాఊ కొనకు. నా పాతది పెట్టెలో ఉంది, ఎలాస్టిక్ మార్పిస్తే సరిపోతుంది. ఏ హాలౌలో చేరాలన్నది వచ్చాక చూద్దాం. ముందు రెండు మూడు చోట్ల, అడిగి, ఓ మూల కూచుని చూడు.

మీ అత్త