సాగు సర్వేలు, సమాచార నిర్వహణ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అరకు, డుంబ్రిగుడ మండలాల్లో కాఫీ, మిరియాలు పండించే 300 గిరిజన కుటుంబాల వివరాలు సేకరించి పరిశోధన చేయాలనుకుంటున్నాను. కాగితపు ఫారాలు వాడాలా, ఫోను వాడాలా? చాలా గ్రామాల్లో సిగ్నల్ ఉండదు.
– పరిశోధక విద్యార్థిని, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: ఫోనే వాడండి. సిగ్నల్ గురించి బెంగ అక్కరలేదు. ఫోనుతో సర్వే చేయడానికి వాడే ఓడీకే (ఓపెన్ డేటా కిట్), కోబో టూల్‌బాక్స్ వంటి సాధనాల్లో ఫారాన్ని విశాఖలో ఉండగానే ఫోనులోకి దించుకుంటే, కొండ మీద నింపిన వివరాలు ఫోనులోనే ఉండి, నెట్ అందిన చోట సర్వరుకు చేరతాయి. ఓడీకే 2008లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. కోబోను దాని ఆధారంగానే తయారు చేశారు కనుక ఒకటి నేర్చుకుంటే రెండోది వచ్చినట్టే. మన దేశంలో 1970-71 నుంచి జరుగుతున్న వ్యవసాయ గణనను కూడా 2021-22 విడతలో తొలిసారిగా స్మార్ట్‌ఫోన్లు, ట్యాబ్‌లతో చేపట్టారు.

అయితే ఫోను ఉన్నంత మాత్రాన లెక్క సరిగా వస్తుందనుకోవద్దు. పొరపాటు ఏదైనా ఉంటే రైతు ఎదుట కూర్చుని ఉండగానే బయటపడాలి; ఫారాన్ని ఆ విధంగా రాసుకున్నప్పుడే ఫోను వల్ల ప్రయోజనం. విశాఖకు తిరిగి వచ్చాక కనిపించిన తప్పును సరిదిద్దాలంటే మళ్లీ ఘాట్ రోడ్డు ఎక్కాలి, లేకపోతే ఊహించి రాయాలి. ఊహించి రాసిన అంకె ఒక్కటి ఉన్నా ఆ కుటుంబం కష్టానికి మనం అన్యాయం చేసినట్టే.

మీ ఫారంలో అన్నిటికన్నా జాగ్రత్తగా రాయవలసిన ప్రశ్న దిగుబడి. "నాలుగు బస్తాలొచ్చాయి" అని రైతు చెబుతారు. అవి పచ్చి పండ్లా, ఎండబెట్టిన పండ్లా, పైతొక్క తీసి లోపొర మిగిల్చిన గింజలా (పార్చ్‌మెంట్)? శుభ్రం చేసిన గింజలు ఒక కిలో రావాలంటే సుమారు ఐదారు కిలోల పచ్చి పండ్లు కావాలి. ఈ తేడా అడగకుండా బస్తాలను కూడేస్తే వచ్చే మొత్తానికి అర్థం ఉండదు. కాబట్టి పరిమాణం, కొలత, సరుకు ఏ స్థితిలో ఉంది అన్న మూడింటినీ మూడు వేర్వేరు ప్రశ్నలుగా పెట్టండి. మిరియాలకూ ఇదే పద్ధతి; పచ్చివా, ఎండువా అన్నది తప్పక అడగాలి. కుంచం, అడ్డ వంటి కొలతలు ఊరికో తీరుగా ఉంటాయి గనుక, ప్రతి గ్రామంలో ఒకసారి ఆ కొలపాత్రను నిండుగా నింపించి, చేతి కాటాకు తగిలించి, ఎన్ని కిలోలు తూగిందో రాసుకోండి. కిలోల్లోకి మార్చే పని తరువాత కంప్యూటరుకు వదిలేయాలి తప్ప, సర్వే చేసేవారి చేత నోటిలెక్క వేయించకూడదు.

ఫారంలో అంకెలకు హద్దులు పెట్టేటప్పుడు కూడా నిదానం కావాలి. దిగుబడి అసాధారణంగా కనిపిస్తే "మరోసారి అడిగి చూడండి" అన్న హెచ్చరిక రావాలి గాని, ముందుకు కదలనివ్వకుండా ఆపేయకూడదు. ఆపేస్తే, సర్వే చేసే కుర్రవాడు పని ముగించుకోవడానికి ఫారం ఒప్పుకునే అంకెనే వేస్తాడు. అప్పుడు తప్పు కంటికి కనిపించకుండా పోతుంది. "తెలియదు" అన్న జవాబును సున్నాతో కలపకుండా విడిగా ఉంచండి. ఆదివాసీ ఒరియా, కువి మాట్లాడే ఇళ్లలో ప్రశ్నను ఎలా అడగాలో ఆ భాష వచ్చిన స్థానిక యువతతో ముందే చెప్పించి, అందరూ ఒకే తీరున అడిగేలా చూసుకోండి.

తోట విస్తీర్ణాన్ని ఫోను జీపీఎస్‌తో కొలిచేటప్పుడు అక్షాంశం, రేఖాంశంతో పాటు ఎన్ని మీటర్ల తేడా ఉండవచ్చో కూడా ఫోను నమోదు చేస్తుంది. ఆ అంకెను తీసివేయకండి. పది సెంట్ల చెక్క అంటే సుమారు 405 చదరపు మీటర్లు, అంటే ఒక్కో వైపు దాదాపు 20 మీటర్లు. అంత చిన్న చెక్కలో 5 మీటర్ల తేడా చాలా పెద్దది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది గనుక చిన్న తోటలకు టేపు పట్టడమే నయం.

ప్రశ్న: మా సంస్థ సర్వే ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలు పిచ్చి గీతలుగా కనిపించాయి. సర్వే నంబర్లు కొన్ని తేదీలుగా మారిపోయాయి. ఎందుకిలా?
– స్వచ్ఛంద సంస్థ కార్యకర్త, పెందుర్తి

జవాబు: సీఎస్‌వీ ఫైలును (గడుల మధ్య కామాలు పెట్టి రాసిన మామూలు టెక్స్ట్ ఫైలు) నేరుగా రెండు నొక్కులతో తెరవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ముందు ఖాళీ ఎక్సెల్ షీటు తెరిచి, డేటా మెనూ ద్వారా ఫైలును రప్పించి, అక్షరాల సంకేత పద్ధతిగా యూటీఎఫ్-8 ఎంచుకుంటే తెలుగు చక్కగా కనిపిస్తుంది. రప్పించేటప్పుడే సర్వే నంబరు, ఫోను నంబరు గడులను టెక్స్ట్‌గా నిర్ణయించాలి. లేకపోతే 12/3 అన్న సర్వే నంబరును ఎక్సెల్ మార్చి నెల 12వ తేదీగా అర్థం చేసుకుంటుంది. అలాగే సేవ్ చేస్తే అసలు నంబరు తిరిగి రాదు. అందుకే సర్వరు నుంచి దించిన మూల ఫైలును ఎన్నడూ దిద్దవద్దు. దిద్దుబాట్లన్నీ నకలులోనే చేసి, ఏది ఎందుకు మార్చారో, ఎవరు మార్చారో పక్కన రాసి ఉంచండి.

మరొక మాట. 2022 ఏప్రిల్ 4న పాత విశాఖపట్నం జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది. పాత సర్వేలతో పోల్చేటప్పుడు జిల్లా పేరును నమ్ముకోకుండా, కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలోని గ్రామ కోడ్‌తో జతపరచండి.

ప్రశ్న: రైతుల ఆధార్ నంబరు, ఫొటో తీసుకోవచ్చా?
– సర్వే పర్యవేక్షకుడు, గాజువాక

జవాబు: ఆధార్ వద్దు. కుటుంబానికి మీరే ఒక సంఖ్య ఇస్తే చాలు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం పరిశోధనకు షరతులతో కొంత మినహాయింపు ఇచ్చినా, అవసరం లేని సమాచారాన్ని అడగకపోవడమే రైతుకు రక్ష. సర్వే నిజంగా జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఫొటోలే అక్కరలేదు. పదింట ఒక ఇంటికి వేరొకరిని పంపి, మారే అవకాశం లేని మూడు నాలుగు ప్రశ్నలు తిరిగి అడిగించండి. ఫొటో తప్పనిసరైతే అది దేనికో చెప్పి, ఒప్పుకుంటేనే తీయండి. పేర్లు, ఫోను నంబర్లు ఉన్న ఫైలును విడిగా, పాస్‌వర్డ్‌తో ఉంచి, విశ్లేషణకు సంఖ్యలు మాత్రమే ఉన్న ఫైలును ఇవ్వండి.